సామాను లారీ ఎక్కింది, మరి బీమా?

మా అక్కావాళ్లు విజయవాడ పటమటలో పన్నెండేళ్లు ఉన్నారు. బావగారికి ముంబై పక్కన థానేలో కొత్త ఉద్యోగం దొరికింది. చిన్న కంపెనీ, గ్రూప్ బీమా లేదు. అయినా సొంత పాలసీ ఉందిగదా అన్న ధైర్యంతో బయల్దేరారు. గ్యాస్ కనెక్షన్ సరెండర్ చేశారు, పిల్లాడికి టీసీ తీసుకున్నారు, బ్యాంకులో అడ్రస్ మార్పించారు, పాలబ్బాయి లెక్క తేల్చారు. ఆరోగ్య బీమా పాలసీని మాత్రం ఫైల్లో పెట్టి బట్టల పెట్టె అడుగున సర్దేశారు. ఏటా టంచనుగా ప్రీమియం కడుతున్న పాలసీ అది. దేశంలో ఎక్కడైనా చెల్లుతుందని ఏజెంటు చెప్పాడు కూడా.

ఎనిమిది నెలలు తిరిగేసరికి బావగారికి గాల్‌బ్లాడర్‌లో రాళ్లని తేలింది. ఆపరేషన్ అయింది, బిల్లు బీమా కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే క్యాష్‌లెస్ మంజూరైంది. డిశ్చార్జి రోజు సాయంత్రం అక్క ఫోను చేసింది.

"ఒరేయ్, బిల్లు లక్షా అరవై వేలైతే అందులో ముప్పైరెండు వేలు మమ్మల్ని కట్టమంటున్నారేంట్రా? మన పాలసీలో కోపేమెంట్ లేదని నువ్వే చూసి చెప్పావుగా!"

చెప్పిన మాట నిజమే. మొదటి పేజీలో కోపేమెంట్, అంటే బిల్లులో మన జేబు నుంచి కట్టాల్సిన వాటా, అన్నచోట 'లేదు' అనే ఉంది. అక్క వాట్సాప్‌లో పంపిన షెడ్యూలు ఫొటోని పెద్దది చేసి చూస్తే, పటమట అడ్రస్ కింద సన్నటి అక్షరాల్లో 'జోన్ 3' అని కనిపించింది. ఆ జోన్ సంగతి ఎక్కడో వెనక పేజీల్లో ఉంది: మూడో జోన్ ప్రీమియం కట్టినవారు ఒకటో జోన్ నగరంలో వైద్యం చేయించుకుంటే బిల్లులో 20 శాతం తామే భరించాలి. ముంబై, థానే ఒకటో జోన్. ఏజెంటు అబద్ధం చెప్పలేదు. పాలసీ దేశమంతా చెల్లుతుంది. ఎంత చెల్లుతుందన్నది మాత్రం పటమట అడ్రస్‌కి కట్టేసి ఉంది.

ఆ తర్వాత ఇంట్లోవాళ్ల పాలసీలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. అప్పుడు అర్థమైన సంగతి ఇది. గేదెను గుంజకు కట్టినట్టు ప్రతి బీమానీ దేనికో ఒకదానికి కట్టి ఉంచుతారు. ఒకటి మనిషికి, ఒకటి రేషన్ కార్డుకి, ఒకటి ఉద్యోగానికి, ఇంకోటి బండి నంబరుకి, మరొకటి బ్యాంకు ఖాతాకి, ఇంకా ఒకటి ఇంటి గోడలకి. మనం రాష్ట్రం దాటినప్పుడు ఆ గుంజ మనతో వస్తుందా, పాత ఊళ్లోనే ఉండిపోతుందా అని చూసుకోవాలి. "నా ఇన్సూరెన్స్ వేరే రాష్ట్రంలో చెల్లుతుందా?" అని అందరూ అడుగుతారు. దానికి ఒక్క జవాబు లేకపోవడానికి కారణం ఇదే.

రెండు జాబితాల కథ

ఈ తేడాకి మూలం రాజ్యాంగంలోనే ఉంది. ఏడో షెడ్యూలులో బీమా అనే విషయం కేంద్ర జాబితాలో 47వ అంశం. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలో 6వ అంశం. కాబట్టి కంపెనీ అమ్మే పాలసీకి దేశమంతటికీ ఒకటే నియంత్రణ సంస్థ, ఐఆర్‌డీఏఐ. 2001 నుంచి దాని ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది. రాష్ట్ర సరిహద్దు ఆ పాలసీని ఆపదు. కానీ రాష్ట్ర ప్రభుత్వం తన ఖజానా నుంచి డబ్బు పెట్టి నడిపే ఆరోగ్య పథకం ఆ రాష్ట్రవాసుల కోసం పుట్టింది. సరిహద్దు దాటగానే దాని బలం తగ్గిపోతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది తలకిందులుగా ఉంటుంది. అక్కడ బీమాను నియంత్రించేది రాష్ట్రాలే. డాలస్ నుంచి న్యూజెర్సీకి మారిన కుటుంబం మార్కెట్‌ప్లేస్‌లో కొన్న ఆరోగ్య ప్లాన్‌ను వెంట తీసుకెళ్లలేదు. అప్పటికే కవరేజీ ఉన్నవాళ్లకు, ఇల్లు మారిన దగ్గర్నుంచి 60 రోజుల్లో కొత్త రాష్ట్రంలో కొత్త ప్లాన్ ఎంచుకునే వీలుంటుంది. కారు పాలసీ కూడా కొత్త రాష్ట్రపు నిబంధనల ప్రకారం మార్చుకోవాల్సిందే. అక్కడి అనుభవంతో ఇక్కడి తల్లిదండ్రులకు "ఊరు మారితే పాలసీ పోతుంది" అని చెప్పే పిల్లల్ని చూశాను. మన దేశంలో అలా పోదు. మనకు చిక్కు వేరేచోట ఉంది.

కార్డు ఏ రాష్ట్రానిదో

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. మూడూ వలసల జిల్లాలే. పని కోసం రాష్ట్రం దాటి వెళ్లే కుటుంబాలు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో మొదలైన పథకం, రాష్ట్రం దాటితే కష్టంగా మారుతుందన్నది నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం.

2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. ఆ రోజు ఎవరూ సామాను సర్దుకోలేదు, లారీ ఎక్కలేదు. అయినా గుంటూరులో తెల్ల కార్డు ఉండి కూకట్‌పల్లిలో అద్దెకుంటున్న కుటుంబం రాత్రికి రాత్రి పొరుగు రాష్ట్రంలో ఉన్నట్టయింది. అప్పటి నుంచి రెండు పథకాలూ వేర్వేరు దారుల్లో నడుస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పేరు ఎన్టీఆర్ వైద్యసేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అని ప్రభుత్వంతో పాటు మారుతూ వచ్చింది. 2023 డిసెంబరులో తెలంగాణ తన పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచింది. అంకెలు పెద్దవే. కానీ ఏ అంకె మీకు వర్తిస్తుందో తేల్చేది మీరు నివసిస్తున్న వీధి కాదు, మీ కార్డు ఇచ్చిన రాష్ట్రం.

ఆంధ్రా కార్డుతో పొరుగు రాష్ట్రంలో అసలు వైద్యమే దొరకదా అంటే, దొరుకుతుంది. 2019 నవంబరు నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నై నగరాల్లో కొన్ని ఆసుపత్రులను ఆ రాష్ట్రం తన జాబితాలో చేర్చుకుంది. అయితే ఎంపిక చేసిన పెద్ద చికిత్సలకే, ఎంపిక చేసిన ఆసుపత్రుల్లోనే. గుండె ఆపరేషన్‌కి పనికొచ్చే కార్డు అదే ఆసుపత్రిలో ఇంకో జబ్బుకి పనికిరాకపోవచ్చు. అందుకే ఆసుపత్రి పేరు చూసుకుంటే చాలదు, చికిత్స పేరు కూడా అడగాలి. జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్ర కౌంటరు ఉంటుంది. అడ్మిషన్ కాగితం రాయించుకోకముందే వెళ్లాల్సింది అక్కడికే. ముందు డబ్బు కట్టేసి తర్వాత కార్డు చూపిస్తే ఆ డబ్బు వెనక్కి రప్పించుకోవడం చాలా కష్టం. ఆ దశలో మనవాళ్లు బిల్లులు పట్టుకుని ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెడతారు. కొంత వస్తుంది, కానీ అది బీమా కాదు. హక్కుగా అడగలేం.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. 'ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు' వచ్చాక వలస వెళ్లిన కుటుంబం ఏ ఊళ్లోనైనా బియ్యం తెచ్చుకోవచ్చని విన్నాం. దాంతో అదే కార్డు మీద వైద్యం కూడా దేశమంతా దొరుకుతుందనుకుంటారు. అది ఆహార భద్రత చట్టం కింద ఇచ్చే బియ్యం, గోధుమల ఏర్పాటు మాత్రమే. రాష్ట్ర ఆరోగ్య పథకం దానితో పాటు ప్రయాణించదు.

నిజంగా ప్రయాణించేది ఆయుష్మాన్ భారత్. 2018 సెప్టెంబరు 23న రాంచీలో ప్రారంభమైన ఈ పథకంలో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం. లబ్ధిదారుల జాబితా జాతీయ స్థాయిలో ఉంటుంది, ఆధార్‌తో సరిచూస్తారు. పథకంలో చేరిన ఏ రాష్ట్రంలోనైనా, జాబితాలో ఉన్న ఏ ఆసుపత్రిలోనైనా వైద్యం పొందవచ్చు. పాలమూరు నుంచి పుణె వెళ్లిన మేస్త్రీకి అక్కడ కాలు విరిగితే, అతని కుటుంబం పేరు ఆ జాబితాలో ఉంటే, వైద్యానికి సొంతూరు రానక్కర్లేదు. తెలంగాణ ఇందులో చేరింది 2021లో.

ఆ 'జాబితాలో ఉంటే' అన్న మాట దగ్గర ఆగాలి. తొలి జాబితాకి ఆధారం 2011 నాటి సామాజిక ఆర్థిక కులగణన. మన రెండు రాష్ట్రాలూ అంతకంటే ఎక్కువ కుటుంబాలను తమ డబ్బుతో కలుపుకొని పథకాలు నడుపుతున్నాయి. అంటే ఆరోగ్యశ్రీ కింద ఉన్న ప్రతి కుటుంబం కేంద్ర జాబితాలో ఉండదు. సొంతూళ్లో ఉన్నంతకాలం ఆ తేడా తెలియదు, ఎవరి డబ్బయినా వైద్యం వైద్యమే. పొలిమేర దాటాకే బయటపడుతుంది. ఊరు వదలకముందే ఆయుష్మాన్ యాప్‌లో ఆధార్ నంబరుతో చూసుకోవచ్చు, లేదా 14555కి ఫోన్ చేసి అడగవచ్చు. పేరుంటే కార్డు అక్కడే తీసుకుని బయల్దేరడం మంచిది. ఆధార్‌లో పేరు ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా ఉంటే సరిచేయించుకోవడం సొంత మండలంలో అయ్యే పని. సూరత్‌లోనో షోలాపూర్‌లోనో కూర్చుని దాన్ని సరిచేయించాలంటే రోజు కూలీ పోగొట్టుకుని తిరగాలి.

కొత్త రాష్ట్రంలో స్థిరపడాలనుకునేవాళ్లు పాత కార్డు సరెండర్ చేసి అక్కడ కొత్తది తీసుకుంటారు. పాతది పోయి కొత్తది చేతికొచ్చేలోపు ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఏ రాష్ట్రం పథకమూ ఆదుకోదు. డయాలసిస్ మీదున్నవాళ్లో, క్యాన్సర్ చికిత్స మధ్యలో ఉన్నవాళ్లో ఇంట్లో ఉంటే ఆ చికిత్స ఒక కొలిక్కి వచ్చేదాకా పాత కార్డు వదులుకోవద్దనే నేను చెబుతాను.

డబ్బు పెట్టి కొన్న పాలసీ

మళ్లీ మా అక్కావాళ్ల పాలసీ దగ్గరికొద్దాం. జోన్ల లెక్క అన్ని కంపెనీలదీ ఒకటి కాదు. ఢిల్లీ చుట్టుపక్కల, ముంబై చుట్టుపక్కల దాదాపు అందరికీ ఒకటో జోనే. హైదరాబాద్‌ని ఒక కంపెనీ ఒకటో జోన్‌లో, ఇంకో కంపెనీ రెండో జోన్‌లో పెడుతుంది. కొన్ని పాలసీల్లో జోన్ కోపేమెంట్ అసలు లేదు, కొన్నిట్లో ప్రమాదాలకి మినహాయింపు ఉంది. అందుకే ఊరు మారగానే కంపెనీకి ఒక మెయిల్ పెట్టి రెండే రెండు ప్రశ్నలు అడగాలి: నా పాలసీలో జోన్ షరతు ఉందా? కొత్త అడ్రస్‌కి జోన్ మారితే ఎంత కట్టాలి? మధ్యలోనే మార్చుకునే వీలుంటే మిగిలిన నెలలకి తేడా ప్రీమియం తీసుకుని ఎండార్స్‌మెంట్, అంటే పాలసీలో మార్పు రాసిన కాగితం, ఇస్తారు. లేకపోతే రెన్యువల్‌లో మార్చుకోవాలి. ముంబై నుంచి రాజమండ్రికి తిరిగొచ్చేవాళ్లకి ఇదే లెక్కన ప్రీమియం తగ్గాలి. ఆ తగ్గింపు కంపెనీ తనంతట తాను ఇవ్వదు, మనమే అడగాలి.

జోన్ కంటే ఎక్కువ దెబ్బ కొట్టేది రూమ్ అద్దె పరిమితి. పాత పాలసీల్లో రోజుకి 4,000 రూపాయల వరకే అని ఉంటుంది. గుంటూరులో ఆ డబ్బుకి సింగిల్ రూమ్ రావచ్చు. మహానగరంలో అదే రూమ్ 8,000 ఉంటే, తేడా 4,000 మనం కట్టుకుంటే సరిపోతుందని అనుకుంటాం. అలా కాదు. అర్హత ఉన్న దానికి రెట్టింపు ఖరీదైన రూమ్‌లో ఉన్నారు కాబట్టి డాక్టరు ఫీజు, సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీల్లాంటివాటిలోనూ సగమే ఇస్తారు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల ఖర్చులకి ఈ కోత వర్తించకూడదని ఐఆర్‌డీఏఐ నిబంధన ఉంది. బిల్లులో వాటిని కూడా కోసి ఉంటే గట్టిగా అడగవచ్చు. పాలసీలో రూమ్ పరిమితి రూపాయల్లో ఉన్నవాళ్లు పెద్ద నగరానికి మారుతుంటే జోన్ కంటే ముందు దీని సంగతి చూసుకోవాలి.

కొత్త ఊళ్లో ఇంటి దగ్గరి ఆసుపత్రి మీ కంపెనీ నెట్‌వర్క్‌లో ఉండకపోవచ్చు. 2024 జనవరి నుంచి జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ 'క్యాష్‌లెస్ ఎవ్రీవేర్' అనే ఏర్పాటు తెచ్చింది. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలోనైనా, ముందే అనుకున్న ఆపరేషన్ అయితే చేరడానికి 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 48 గంటల్లో కంపెనీకి చెబితే క్యాష్‌లెస్ అడగవచ్చు. ఆసుపత్రి కూడా ఒప్పుకోవాలి. అందుకే దీన్నే నమ్ముకుని ఉండకుండా, ఇల్లు సర్దుకున్న మొదటి వారంలోనే దగ్గర్లో నెట్‌వర్క్ ఆసుపత్రులు ఏవో చూసి పెట్టుకోవాలి.

'పోర్టబిలిటీ' అన్న మాట దగ్గర కూడా గందరగోళం ఉంది. ఆయుష్మాన్ భారత్‌లో ఆ మాటకి అర్థం రాష్ట్రం మారినా వైద్యం దొరకడం. ప్రైవేటు పాలసీలో దాని అర్థం కంపెనీ మారడం. రాష్ట్రం మారినందుకు కంపెనీ మార్చుకోవాల్సిన పని లేదు. కొత్త ఊళ్లో పాత కంపెనీ సేవ బాగాలేకపోతేనే ఆ ఆలోచన. అప్పుడు కూడా పాలసీని ఆపేసి కొత్తది కొనకూడదు. రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు కొత్త కంపెనీకి పోర్టింగ్ దరఖాస్తు పెట్టాలి. అలా వెళ్తే పాత పాలసీలో గడిపిన వెయిటింగ్ పీరియడ్ (కొన్ని జబ్బులకి క్లెయిమ్ ఇవ్వకుండా ఆగమనే కాలం) లెక్కలోకొస్తుంది. ముందు నుంచీ ఉన్న జబ్బులకి వెయిటింగ్ గరిష్ఠంగా మూడేళ్లు. అయిదేళ్లు వరసగా కట్టిన పాలసీలో, మోసమని రుజువైతే తప్ప, ఆరోగ్య వివరాలు దాచారన్న కారణంతో క్లెయిమ్ కాదనకూడదు. ఇల్లు మారే హడావిడిలో ఒక్క రెన్యువల్ తప్పితే ఈ ఏళ్లన్నీ పోయే ప్రమాదం ఉంది. రెన్యువల్ నోటీసు పాత అడ్రస్‌కో, వాడటం మానేసిన పాత సిమ్‌కో వెళ్లిపోతుంటుంది. ఫోన్ నంబరు మార్పు చెప్పడం అడ్రస్ మార్పంత ముఖ్యం.

క్లెయిమ్ దగ్గర గొడవైతే పాలసీ కొన్న ఊరికి తిరగాల్సిన పని లేదు. కంపెనీకి ఫిర్యాదు చేసి, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, మీరిప్పుడు నివసిస్తున్న ప్రాంతానికి చెందిన, బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లవచ్చు. మన రెండు రాష్ట్రాలకీ, యానాంకీ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. 50 లక్షల వరకు వివాదాలు చూస్తారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

ఉద్యోగానికి కట్టినవి

కంపెనీ ఇచ్చే గ్రూప్ బీమా ఉద్యోగం ఉన్నంతవరకే. అదే కంపెనీ హైదరాబాద్ ఆఫీసు నుంచి చెన్నై ఆఫీసుకి మారితే ఏమీ కాదు. రాజీనామా చేసి మారితే చివరి పని దినంతోనే సాధారణంగా అయిపోతుంది. కొత్త కంపెనీలో చేరడానికి మధ్య నెల రోజులు ఖాళీ ఉంటే, ఆ నెలలోనే సామాను ఎత్తడం, దించడం, లాంగ్ డ్రైవ్, పిల్లల జ్వరాలు అన్నీ ఉంటాయి. బయటికి వచ్చేముందు అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో హెచ్‌ఆర్‌ని అడగాలి. అలా మారితే గ్రూప్‌లో గడిపిన కాలానికి లెక్క దొరుకుతుంది. ఇంట్లో షుగర్, బీపీ ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

ఈఎస్ఐ గురించి మంచి మాటే చెప్పాలి. నెల జీతం 21,000 దాటని కార్మికుల కోసం నడిచే ఈ పథకంలో బీమా నంబరు మనిషికి కట్టి ఉంటుంది, రాష్ట్రానికి కాదు. పఠాన్‌చెరులో పనిచేసిన కార్మికుడు హోసూరులో చేరితే అదే నంబరు కొనసాగాలి. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, కొత్త యాజమాన్యం పాత నంబరు అడగకుండా కొత్తగా నమోదు చేసేస్తుంది. అప్పుడు పాత కాలం కట్టిన చందాలు ఒక నంబరు మీద, కొత్తవి ఇంకో నంబరు మీద విడిపోయి అర్హత లెక్క తప్పుతుంది. చేరిన రోజే పాత నంబరు చీటీ చేతిలో పెట్టాలి. భార్యాపిల్లలు సొంతూళ్లోనే ఉండిపోతే వాళ్లకి అక్కడి డిస్పెన్సరీనే విడిగా పెట్టించుకోవచ్చు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు కట్టిన చందాకి ప్రయోజనం మరుసటి జనవరి నుంచి జూన్ వరకు, అక్టోబరు నుంచి మార్చి వరకు కట్టినదానికి జూలై నుంచి డిసెంబరు వరకు ఉంటుంది.

బండి నంబరు

కారు, బైకు పాలసీ దేశమంతా చెల్లుతుంది. ఏపీ నంబరు బండికి నాగపూర్‌లో ప్రమాదమైనా కంపెనీ బాధ్యత తప్పించుకోలేదు. మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం ఏ ఊళ్లోనైనా ఒకటే. 1,000 నుంచి 1,500 సీసీ ప్రైవేటు కారుకి 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేటు 3,416 రూపాయలు. సొంత నష్టానికి కట్టే భాగంలోనే నగరాల తేడా ఉంది. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ముంబై, పుణె, ఢిల్లీ, కోల్‌కతా, అహ్మదాబాద్ 'ఎ' జోన్, మిగతా దేశమంతా 'బి' జోన్. అదికూడా బండి ఎక్కడ రిజిస్టరైందన్నదాన్ని బట్టి.

మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం బండి వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి. దానికి ముందు పాత ఆర్టీవో దగ్గర ఫారం 28తో ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, లోను ఉంటే బ్యాంకు ఒప్పుకోలు కావాలి, కొత్త రాష్ట్రంలో బండి వయసును బట్టి మళ్లీ ట్యాక్స్ కట్టాలి. పాత రాష్ట్రంలో కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి వాపసు అడగవచ్చు. ఈ తిరుగుడంతా అయ్యాక కొత్త ఆర్‌సీ చేతికొస్తే పని అయిపోయిందనుకుంటారు. పాలసీలో మాత్రం పాత నంబరే ఉంటుంది. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు మారవు కాబట్టి క్లెయిమ్ పూర్తిగా చచ్చిపోదు. కానీ సర్వేయర్ వచ్చినప్పుడు ఆర్‌సీలో ఒక నంబరు, పాలసీలో ఇంకో నంబరు ఉంటే ప్రశ్నలు మొదలవుతాయి, నెలలు గడుస్తాయి. ఆర్‌సీ వచ్చిన వారంలోనే ఎండార్స్‌మెంట్ చేయించుకుంటే సరి. తరచూ బదిలీలయ్యే ప్రభుత్వోద్యోగులకి, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులకి 2021 సెప్టెంబరు నుంచి రాష్ట్రం మారినా నంబరు మార్చక్కర్లేని బీహెచ్ (భారత్) సిరీస్ ఉంది. ఆ నంబరుంటే ఈ గొడవే లేదు.

ఊరు మారేముందు కారు అమ్మేస్తున్నవాళ్లు నో క్లెయిమ్ బోనస్‌ని కారుతో పాటు వదిలేస్తుంటారు. ఆ బోనస్ కారుది కాదు, మీది. ఏళ్ల తరబడి క్లెయిమ్ లేకుండా నడిపితే సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం వరకు తగ్గింపు వస్తుంది. కారు అమ్మిన కాగితాలు చూపించి కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటర్ తీసుకుంటే, మూడేళ్లలోపు ఎక్కడ కొత్త కారు కొన్నా దాన్ని వాడుకోవచ్చు.

పరాయి రాష్ట్రంలో రోడ్డు ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలకి ఒక విషయం తెలియాలి. పరిహారం కేసు ప్రమాదం జరిగిన ఊళ్లోనే వేయాలని లేదు. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ ప్రకారం బాధితులు తాము నివసిస్తున్న చోటి ట్రైబ్యునల్‌లో వేసుకోవచ్చు. షోలాపూర్ దగ్గర లారీ గుద్ది చనిపోయిన మనిషి భార్య ఖమ్మంలో కేసు వేయవచ్చు. వాయిదాకోసారి భాష తెలియని ఊరికి తిరగలేక, దళారీ చేతిలో పెట్టిన కాగితాల మీద సంతకం చేసి వచ్చిందే చాలనుకునేవాళ్లున్నారు. వాళ్లకి ఈ మాట చేరాలి.

ఇరవై రూపాయలు

ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా, 436 రూపాయలతో 2 లక్షల జీవిత బీమా ఇచ్చే జీవన్ జ్యోతి బ్యాంకు ఖాతాకి కట్టి ఉంటాయి. కవరు జూన్ 1 నుంచి మే 31 వరకు. ప్రీమియం మే నెలాఖరుకి ఖాతా నుంచే తెగుతుంది. ఊళ్లో ఉన్నప్పుడు ఉపాధి హామీ కూలి పడే ఖాతాలో ఈ డబ్బు తెలియకుండానే వెళ్లేది. పనికి వేరే రాష్ట్రం వెళ్లాక కాంట్రాక్టరు అక్కడ కొత్త ఖాతా తెరిపిస్తాడు, కూలి అందులో పడుతుంది. ఊరి ఖాతా ఖాళీ అవుతుంది. మే నెలలో 20 రూపాయలు తెగవు, బీమా ఆగిపోతుంది. జూన్‌లో సెంట్రింగ్ చెక్క మీంచి పడి చనిపోయిన మనిషి భార్య ఆగస్టులో పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకి వెళ్తే అక్కడ చెప్పేది ఈ మాటే. వలస వెళ్లేవాళ్ల ఊరి ఖాతాలో 500 రూపాయలు ఎప్పుడూ ఉండేట్టు చూడటం, లేదా కొత్త ఖాతా మీద మళ్లీ నమోదు చేయించడం ఊళ్లో మిగిలినవాళ్లు గుర్తుచేయాల్సిన పని. తెలంగాణ రైతుబీమా ఇలా కాదు, అది పట్టాదారు పాస్‌బుక్‌ని బట్టి వస్తుంది. భూమి పేరు మీద ఉండి, వయసు 18 నుంచి 59 మధ్య ఉంటే, పని ఏ ఊళ్లో చేసుకుంటున్నా 5 లక్షలు వర్తిస్తాయి. అందులో నామినీ పేరు సరిగా ఉందో లేదో చూసుకుంటే చాలు.

ఇంటి సామాను బీమా పూర్తిగా అడ్రస్‌దే. పాత అద్దె ఇంటి పేర ఉన్న పాలసీ కొత్త ఫ్లాట్‌లో దొంగతనానికి పనికిరాదు. దారిలో లారీకి ఏమైనా అయితే దానికి ట్రాన్సిట్ పాలసీ వేరు. ప్యాకర్స్ వాళ్లు కొటేషన్‌లో 'ఇన్సూరెన్స్ 3 శాతం' అని రాస్తే, బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు ఉన్న సర్టిఫికెట్ అడగండి. అది ఇవ్వలేనివాళ్లు తీసుకునేది బీమా ప్రీమియం కాదు, ఇంకేదో. ఎల్ఐసీ పాలసీలకి అడ్రస్, ఫోన్, నామినీ మార్పులు తప్ప భయపడాల్సింది లేదు.

మొన్న రెన్యువల్‌కి అక్కావాళ్ల పాలసీలో థానే అడ్రస్ పెట్టించాం. ప్రీమియం నాలుగు వేల చిల్లర పెరిగింది. కొత్త షెడ్యూలు రాగానే అక్క ఫోన్ చేసి అడ్రస్ కింద లైను చదివి వినిపించింది: జోన్ 1. ఇక బావగారి కారు మిగిలింది. ఏపీ 39 నంబరుతో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంది, వచ్చే నెలకి పన్నెండు నెలలు నిండుతాయి. ఎన్‌ఓసీ కోసం వచ్చే సోమవారం ఆయన విజయవాడ వస్తున్నారు.